పంతొమ్మిదో ఎలక్ట్రాన్

నల్లగరువు,
14 జూలై 2024, ఆదివారం.

తబితమ్మకి, అత్త సంపూర్ణం ప్రేమతో రాస్తున్నది.

ఇక్కడ నేను, మీ నాన్న కులాసా. నువ్వు హాస్టల్లో చేరి నెల దాటింది. ఆదివారం ఫోన్ చేద్దామంటే నీ వెనక లైనులో నలభై మంది. మనకి దక్కేది మూడు నిమిషాలు, అందులో రెండు మీ నాన్న ‘హలో హలో’ అనడానికే సరిపోతున్నాయి. ఉత్తరాలైతే ఇస్తామని మీ ఆఫీసులో చెప్పారు. అందుకని రాస్తున్నాను.

ముందే చెబుతున్నాను, కంగారు పడకు. నా కుడి మణికట్టు కాలింది, తగ్గుతోంది. ఒక కనుబొమ్మ సగం పోయింది, అదీ వస్తోంది.

కాలేజీ తెరిచిన రెండో రోజు పల్లంరాజు సారు, అదే మా కెమిస్ట్రీ లెక్చరరు, బీరువా తెరిచి ‘సంపూర్ణమ్మగారూ, పాత సీసాలన్నీ ఖాళీ చేసెయ్యండి’ అన్నారు. ఒక సీసాకి చీటీ ఊడిపోయింది. లోపల కుంకుడుకాయంత ముక్కలు మూడు, పైన తెల్లగా పెచ్చు కట్టి ఉన్నాయి. పటిక అనుకున్నాను. సింకులో వేసి పంపు తిప్పాను. పసుప్పచ్చటి మంట, పెద్ద చప్పుడు, అంతే తెలుసు. సింకు రెండు చెక్కలైంది. దేవుడి దయవల్ల పిల్లలెవరూ లోపల లేరు.

అది సోడియం అంట. కిరసనాయిల్లో ముంచి ఉంచాలంట. వేసవి సెలవుల్లో కిరసనాయిలు ఆవిరైపోయింది. మీ మామయ్య పోయి, ఆయన అటెండరు ఉద్యోగం నాకిచ్చి పన్నెండేళ్ళు. ఆ బీరువా వారం వారం తుడుస్తూనే ఉన్నాను. అందులో ఏముందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ప్రిన్సిపాల్ శ్రీదుర్గ మేడం మెమో ఇచ్చారు. సంజాయిషీ రాయాలి. క్లర్కు బంగార్రాజు గారు ‘తెలియక చేశాను, క్షమించండి అని రెండు ముక్కలు నేను రాసిపెడతానండి, సంతకం పెట్టెయ్యండి’ అన్నారు. పెట్టేసేదాన్నే. కానీ స్టాఫ్ రూమ్‌లో ఎవరో ‘చదువు రానివాళ్ళకి ల్యాబ్ అప్పజెబితే ఇంతేనండి’ అనడం నా చెవిన పడింది. నేను టెన్త్ ఫస్టు క్లాసు, తబితా. తెలియక చేశానని రాస్తాను, అది నిజమే. ఇప్పుడు తెలుసు అని కూడా రాయాలి.

నీళ్ళు నిప్పుని ఆర్పుతాయి కదా, మంట ఎందుకు వచ్చింది? సారుని అడిగితే ‘దాని చివరి షెల్‌లో ఒక్క ఎలక్ట్రానే ఉందమ్మా, అదీ సంగతి’ అని వెళ్ళిపోయారు. నాకేం సంగతి తెలిసినట్టు? నువ్వు చదివేది అదే కదా. విడమరిచి రాయి. నెలాఖరులోగా ఇవ్వాలి.

వేళకి తిను. తల ఆరకుండా జడ వేసుకోకు.
నీ అత్త.

*

హాస్టల్, రాజమండ్రి,
21 జూలై 2024.

అత్తకి తబిత వందనాలు.

చెయ్యి జాగ్రత్త. ఇక్కడ ఉత్తరాలు వార్డెన్ మేడం చదివి పోస్టు చేస్తారు, అందుకని చదువు గురించే రాస్తాను.

అణువులకంటే చిన్నది పరమాణువు. దాని మధ్యలో కేంద్రకం ఉంటుంది. చుట్టూ ఎలక్ట్రాన్లు షెల్స్‌లో ఉంటాయి. తెలుగు పుస్తకంలో కర్పరాలు అంటారు. లోపలి నుంచి వాటికి K, L, M, N అని పేర్లు. మొదటిదాంట్లో రెండు పడతాయి. రెండోదాంట్లో ఎనిమిది, మూడోదాంట్లో పద్దెనిమిది, నాలుగోదాంట్లో ముప్పై రెండు. సోడియానికి మొత్తం పదకొండు ఎలక్ట్రాన్లు. 2, 8, 1. చివరిది ఒక్కటే కేంద్రకానికి దూరంగా ఉంటుంది. లోపలి పది అడ్డుగా ఉండటం వల్ల కేంద్రకం దాన్ని గట్టిగా పట్టుకోలేదు. నీళ్ళు తగలగానే సోడియం ఆ ఒక్కటీ వదిలేస్తుంది. అప్పుడు హైడ్రోజన్ వాయువు పుడుతుంది, చాలా వేడి పుడుతుంది. ఆ వేడికి హైడ్రోజన్ అంటుకుంటుంది. మండింది నీళ్ళు కాదు, హైడ్రోజన్. కిరసనాయిలుకి ఆ ఎలక్ట్రాన్ అక్కర్లేదు, గాలినీ తేమనీ తగలనివ్వదు, అందుకే అందులో ఉంచుతారు.

నేను స్టార్ బ్యాచ్‌లో, అంటే అన్నిటికంటే మొదటి సెక్షన్‌లో ఉన్నాను. నాన్నకి చెప్పు.

ఇట్లు,
తబిత.

*

నల్లగరువు,
11 ఆగస్టు 2024.

నా బంగారుతల్లికి,

నీ ఉత్తరం ఎనిమిది సార్లు చదివాను. మూడు పేజీల సంజాయిషీ రాశాను, 2, 8, 1 బొమ్మ గీసి మరీ. చీటీ ఊడిన సీసాని అడక్కుండా ముట్టుకోవడం నా తప్పు, సీసాలకి ఏటా చీటీలు మార్చకపోవడం కాలేజీ తప్పు అని కూడా రాశాను. బంగార్రాజు గారు చదివి ‘అమ్మో, రెండో ముక్క తీసెయ్యండి’ అన్నారు. తియ్యలేదు.

శ్రీదుర్గ మేడం పిలిచారు. కూర్చోమన్నారు. ఈ పన్నెండేళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు. హెచ్చరికతో మెమో ముగించారు. తరవాత ‘మీరు ఇంటర్ ఎందుకు కట్టకూడదండీ? ల్యాబ్ అసిస్టెంట్ పోస్టు ఖాళీగానే ఉంది, సైన్సుతో ఇంటర్ ఉంటే మీ పేరు పంపుతాను’ అన్నారు. నాకు నలభై నాలుగేళ్ళు. ఆ మాటే అన్నాను. ‘అడిగింది వయసు కాదు’ అన్నారావిడ. ఓపెన్ స్కూల్లో కట్టేశాను. రెండు వారాలకోసారి ఆదివారం క్లాసులు.

గోదావరికి వరద వచ్చి వెళ్ళింది. లంకల్లో అరటి అంతా పడిపోయింది. మన వైపు కాలవ గట్టు దాకా వచ్చి ఆగింది. మీ నాన్న షెడ్డులో రిపేరుకొచ్చిన కోత మిషన్లన్నీ ఇటుకల మీదకి ఎక్కించాడు. స్టార్ బ్యాచ్ మాట చెప్పగానే మొహం చూడాలి నువ్వు! పోయిన ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి అందరికీ చెప్పాడు. పాస్టరు గారు నీకోసం ప్రార్థన చేశారు.

ఇప్పుడు నా సందేహం. పుస్తకంలో పొటాషియానికి పంతొమ్మిది అని ఉంది. రెండు, ఎనిమిది పోగా మిగిలింది తొమ్మిది. మూడోదాంట్లో పద్దెనిమిది పడతాయన్నావు కాబట్టి 2, 8, 9 అంతేనా? సరిచూసి రాయి.
అత్త.

*

హాస్టల్,
25 ఆగస్టు 2024.

అత్తకి వందనాలు.

అవును, 2, 8, 9. మూడోదాంట్లో ఇంకా ఖాళీ ఉంది కాబట్టి అందులోకే వెళ్తుంది.

వచ్చే ఆదివారం పేరెంట్స్‌ని రానిస్తారు. నాన్నని రావొద్దని చెప్పు. నాకు చదువుకునేది చాలా ఉంది.

తబిత.

*

నల్లగరువు,
15 సెప్టెంబర్ 2024.

తబితకి,

మొన్న గురువారం ప్రాక్టికల్ క్లాసు. ఫస్టియర్ పిల్లలు మంట రంగులు చూస్తున్నారు. పొటాషియం ఉప్పు మంటలో పెడితే లేత ఊదా రంగు వస్తుంది, ఎంత బాగుంటుందో. ‘దీనికి ఎలక్ట్రాన్లు ఎలా ఉంటాయి?’ అని సారు అడిగారు. ఎవరూ చెప్పలేదు. బ్యూరెట్ గొట్టాలు తుడుస్తున్న నేను ఊరుకోవచ్చు కదా! ‘2, 8, 9 అండి’ అన్నాను.

పిల్లలు నవ్వారు. నవ్వనీ. సారు నవ్వలేదు, జాలిగా చూశారు, అదే కష్టమైంది. బోర్డు మీద 2, 8, 8, 1 అని రాసి ‘మీకెవరు చెప్పారమ్మా?’ అన్నారు. ‘నేనే లెక్కేసుకున్నానండి’ అన్నాను. నీ పేరు చెప్పలేదు. మరి మూడోదాంట్లో పది చోట్లు ఖాళీగా ఉండగా పంతొమ్మిదోది నాలుగోదాంట్లోకి ఎందుకు దూకిందండీ అంటే, ‘రూల్ అంతేనమ్మా, గుర్తుపెట్టుకోండి’ అన్నారు.

నాకు ఒకటే అనిపించింది. స్టార్ బ్యాచ్ పిల్లకి ఇది తెలియకపోదు. నేను విసిగిస్తున్నానని ఏదో ఒకటి రాసి పడేశావు. మీ నాన్నని కూడా రావొద్దన్నావు. మా మాటలు నీకు అడ్డమైతే ఆ ముక్కే చెప్పు తల్లీ, అడగను. కానీ తప్పు చెప్పకు. నేను నువ్వు రాసింది బైబిలు వాక్యంలా నమ్ముతాను.

పొటాషియం సంగతి నేనే తేల్చుకుంటాను.
సంపూర్ణం.

*

హాస్టల్,
22 సెప్టెంబర్ 2024.

అత్తా,

ఈ ఉత్తరం వార్డెన్ మేడం చూడరు. వంటగదిలో పనిచేసే జ్ఞానమ్మగారు పోస్టు చేస్తానన్నారు. జవాబు ఆవిడ ఇంటికి రాయి, అడ్రసు ఈ కాగితం వెనక రాస్తున్నాను.

విసుక్కుని రాయలేదు. 2, 8, 9 అని నేను నిజంగానే అనుకున్నాను.

నేను స్టార్ బ్యాచ్‌లో లేను. ఉన్నది మూడు వారాలే. జూలైలో మొదటి టెస్టు అవగానే ఆఖరి సెక్షన్‌లో వేశారు. నీకు సోడియం గురించి రాసిన రోజుకి నేను ఆ సెక్షన్‌లోనే ఉన్నాను. సెక్షన్ల వారీగా పేర్లు గేటు పక్కన బోర్డుకి అంటిస్తారు. నాన్న వస్తే చూస్తాడు, అందుకే రావొద్దన్నాను.

టెన్త్‌లో 561 వచ్చాయి కదా, ఇక్కడ అందరికీ అంతకంటే ఎక్కువే. సారు బోర్డు మీద రాస్తారు, మేము దించుకుంటాం, శనివారం టెస్టు. ఏదీ అర్థం కాదు అత్తా. బట్టీ పడతాను, సోమవారానికి పోతుంది. నీ ఉత్తరం వచ్చాక ధైర్యం చేసి క్లాసులో లేచి అడిగాను, పంతొమ్మిదోది అక్కడికి ఎందుకు వెళ్తుందని. ‘ఆఖరి సెక్షన్‌కి ఎందుకు అనే ప్రశ్న అవసరమా?’ అన్నారు. గంట అయ్యేదాకా నిలబెట్టారు.

నా పక్క మంచం అమ్మాయి పావని పోయిన వారం ఇంటికి వెళ్ళిపోయింది. నాకూ వచ్చేయాలని ఉంది. చర్చిలో నాన్న చెప్పాడని నువ్వు రాసినప్పటి నుంచి అన్నం దిగడం లేదు. నాన్నకి మాత్రం చెప్పకు. నన్ను క్షమించు.

తబిత.

*

నల్లగరువు,
2 అక్టోబర్ 2024.

నా చిట్టితల్లీ,

ముందు అన్నం తిను. మీ అమ్మ పనికని మస్కట్ వెళ్ళి అక్కడే ఉన్న ఈ నాలుగేళ్ళూ నిన్ను నా చేత్తో తినిపించి పెంచాను. నువ్వు ఆకలికి ఆగలేవని నాకు తెలుసు. నీ ఉత్తరం పోస్టు చేసిన జ్ఞానమ్మగారికి నా వందనాలు చెప్పు.

నువ్వు ఆఖరి సెక్షన్‌లో ఉన్నావని నాకేం బాధ లేదు. నా మీద చిరాకు పడ్డావనుకున్నానే, దానికే సిగ్గేస్తోంది. మీ నాన్నకి చెప్పను. చెప్పాల్సింది నువ్వే.

పొటాషియం సంగతి తేలింది. పల్లంరాజు సారు వెంట మూడు రోజులు పడ్డాను. మూడో రోజు ఆయన ‘నిజం చెప్పనా అమ్మా, ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను, ఒక్కరూ ఇలా పట్టుకోలేదు’ అని వాళ్ళ డిగ్రీ పుస్తకం తెచ్చి, ల్యాబ్ బల్ల మీద కూర్చోబెట్టి చెప్పారు. నాకు అర్థమైనట్టు రాస్తాను.

షెల్ అంటే ఒకటే గది కాదు. లోపల అరలు ఉంటాయి. మొదటిదాంట్లో ఒక్కటే అర, పేరు s, ఇద్దరు పడతారు. రెండోదాంట్లో రెండు అరలు, s లో ఇద్దరు, p లో ఆరుగురు. మొత్తం ఎనిమిది అయిందా? మూడోదాంట్లో మూడు అరలు. s లో రెండు, p లో ఆరు, d లో పది. అలా పద్దెనిమిది. ఎలక్ట్రాన్ ఖాళీ ఎక్కడుందని చూడదు. తక్కువ శక్తితో ఎక్కడ ఉండొచ్చో అక్కడికి వెళ్తుంది. మూడోదాంట్లో d ఉంది చూశావూ, అది అటక లాంటిది. మూడో అంతస్తుదే, కానీ నాలుగో అంతస్తు గుమ్మం కంటే ఎత్తులో ఉంది. అందుకని పంతొమ్మిదోది అటక ఎక్కకుండా నాలుగోదాంట్లో s లోకి వెళ్ళింది. ఇరవయ్యోది కూడా అంతే, అది కాల్షియం. ఆ s నిండిపోయాక ఇరవై ఒకటోది వెనక్కి వచ్చి అటక ఎక్కుతుంది.

దానికి కూడికే ఉంది. షెల్ నంబరుకి అర నంబరు కలుపు. s అంటే సున్నా, p అంటే ఒకటి, d అంటే రెండు. మూడోదాంట్లో d కి మూడూ రెండూ ఐదు. నాలుగోదాంట్లో s కి నాలుగూ సున్నా నాలుగు. తక్కువ వచ్చింది ముందు నిండుతుంది.

ఇరవై ఒకటోదాని పేరు స్కాండియం. అది 2, 8, 9, 2. నీ తొమ్మిది అక్కడుంది చూడు.

నువ్వు అడిగింది మంచి ప్రశ్న, తబితా. నిన్ను నిలబెట్టడం ఆయనకి జవాబు రాకో, తీరిక లేకో. ఇంటికి వచ్చేయాలనిపిస్తే రా, తలుపు తీసే ఉంటుంది. కానీ నాకు చదువు రాదనుకుంటూ రాకు. పైది మళ్ళీ మళ్ళీ చదివి, కాగితం మూసి, ఇనుముకి నువ్వే రాయి. ఇరవై ఆరు. తప్పొస్తే మళ్ళీ రాయి.
అత్త.

*

హాస్టల్,
13 అక్టోబర్ 2024.

అత్తా,

చెప్పొద్దన్నాను. ఒక్క మాట అడిగాను నిన్ను.

నిన్న నాన్నని ఆఫీసుకి పిలిపించారు. నా మార్కులన్నీ ముందు పెట్టారు. వంటావిడతో దొంగతనంగా ఉత్తరాలు పంపిస్తోందని, ఇంటికి పోతానంటోందని చెప్పారు. ఎలా తెలిసిందండీ అని నేను అడిగితే ‘మీ ఇంటి నుంచే తెలిసింది’ అన్నారు వార్డెన్ మేడం. ఇంట్లో నీకు తప్ప ఎవరికి తెలుసు?

నాన్న గేటు దాకా వచ్చి ‘అన్నం తింటున్నావా?’ అన్నాడు. తిట్టినా బాగుండేది. జ్ఞానమ్మగారిని కూడా పిలిచి కేకలేశారు, ఉద్యోగం మాత్రం తియ్యలేదు. అయినా ఈ ఉత్తరం పట్టుకెళ్తానంటున్నారు. ఇదే ఆఖరుది.

ఇంక నాకు రాయకు.

తబిత.

*

నల్లగరువు,
19 అక్టోబర్ 2024.

తబితకి,

రాయకన్నావు. రాస్తాను.

నేను మీ నాన్నకి చెప్పలేదు. నీ ఉత్తరం చదివి ఉండబట్టలేదు, అప్పటికప్పుడు నాలుగు పేజీలు రాసి హాస్టల్ అడ్రసుకే పోస్టు చేశాను. నీ కాగితం వెనక్కి తిప్పి చూడనే లేదు. జ్ఞానమ్మగారి ఇంటికి రాయమన్న వాక్యం మీదుగానే నా కళ్ళు పరిగెత్తాయి. అది వార్డెన్ చేతిలో పడింది. ఏముందో అడక్కుండా సీసా వంచాను, అడ్రసు చూడకుండా ఉత్తరం వేశాను. తప్పు పూర్తిగా నాదే. జ్ఞానమ్మగారికి కూడా చెప్పుకున్నాను, ఆవిడ ఇంటికి వెళ్ళి మరీ.

గురువారం సెలవు పెట్టి వచ్చాను. నీకు తెలియదు. పేరెంట్స్ ఆదివారం కాదు కాబట్టి నిన్ను చూపించనన్నారు. ‘సరేనండి, నా ఉత్తరం ఆ పిల్లకైనా ఇవ్వండి, నాకైనా ఇవ్వండి’ అన్నాను. రూల్ కాదన్నారు. గేటు లోపల సిమెంటు బల్ల మీద పొద్దున్న పదింటి నుంచి కూర్చున్నాను. మూడింటికి వార్డెన్ మేడం తనే వచ్చి ఉత్తరం నా చేతిలో పెట్టారు. ‘ఈ కెమిస్ట్రీ రాసింది ఎవరండీ?’ అన్నారు. నేనేనన్నాను. ‘ఏం చేస్తుంటారు?’ అన్నారు. అటెండరునన్నాను. ఆవిడ మంచినీళ్ళు పంపించారు.

ఆ నాలుగు పేజీలూ దీనితో జ్ఞానమ్మగారి ద్వారా పంపుతున్నాను. పైన తేదీ చూసుకో. చదివాక కూడా కోపం ఉంటే ఉండనీ. ఇనుముకి మాత్రం రాసి పంపు.

అత్త.

*

హాస్టల్,
24 నవంబర్ 2024.

అత్తకి, తబిత.

2, 8, 14, 2.

పన్నెండు సార్లు రాశాను. మొదట 2, 8, 16 వచ్చింది. తరవాత నీ అరల బొమ్మ గీసుకుని ఒక్కొక్కటీ నింపుకుంటూ వెళ్ళాను. వచ్చింది! అత్తా, నా అంతట నేను తేల్చుకున్నది ఇక్కడికి వచ్చాక ఇదే మొదటిది. నీ మీద అన్న మాటకి సిగ్గుపడుతున్నాను.

మా సెక్షన్‌లో ఇంకో ఇద్దరికి చెప్పాను. వాళ్ళు ఇంకొందర్ని పిలిచారు. ఇప్పుడు సాయంత్రం టీ టైములో పదకొండు మందిమి మెట్ల మీద కూర్చుంటాం. క్రోమియం దగ్గర ఆగిపోయాం. ఇరవై నాలుగు. మన లెక్కకి నాలుగోదాంట్లో s లో రెండు ఉండాలి, పుస్తకంలో ఒకటే ఉంది. వారం రోజులు కొట్టుకున్నాం. అటకలో పది చోట్లకి సరిగ్గా సగం, అంటే ఐదు నిండితే నిలకడ ఎక్కువంట, అందుకని s లోది ఒకటి అటక మీదకి వెళ్తుందంట. పుస్తకం వెనక చిన్న అక్షరాల్లో ఉంది, ఎవరూ చదవరు. మీ సారుని అడిగి ఇది నిజమేనా రాయి.

హాఫ్ ఇయర్లీలో కెమిస్ట్రీ అరవైకి నలభై ఒకటి. మొదట్లో పద్నాలుగు. మిగతావి ఇంకా అంతంతే.

నాకొకటి కావాలి. ఇక్కడ ల్యాబ్‌కి తాళం. రెండో ఏడాది పరీక్ష ముందు రెండు రోజులు చూపిస్తారంట. నేను ఇంతవరకు సోడియం చూడలేదు. నువ్వు చెప్పిన ఊదా మంట చూడలేదు. ఫస్టియర్ ఇక్కడే గట్టిగా పూర్తిచేస్తాను. సెకండియర్ మీ కాలేజీలో చదువుతాను. పారిపోయి రావడం కాదు. నాన్నకి నువ్వు చెప్పగలవా?

తబిత.

*

నల్లగరువు,
8 డిసెంబర్ 2024.

తబితమ్మకి,

క్రోమియం నిజమే. సారు బొమ్మ గీసి చూపించారు. ‘ఆ అమ్మాయిని ఎప్పుడైనా తీసుకురండి’ అన్నారు.

మీ నాన్నకి నేను చెప్పను. అటూ ఇటూ మాటలు మోస్తే ఏమైందో చూశాం కదా. క్రిస్మస్‌కి నాలుగు రోజులు ఇస్తారు. ఎదురుగా కూర్చుని నువ్వే చెప్పు. ఒప్పుకోకపోతే మళ్ళీ చెప్పు. వాడు మొండివాడే, కానీ మిషన్ ఏదైనా ఎందుకు ఆగిందో తెలిసేదాకా వదలడు. నీ మాట కూడా వింటాడు.

నా ఇంగ్లీషు మాత్రం అధ్వాన్నంగా ఉంది. ఎక్కడ ‘ఎ’ పెట్టాలో ఎక్కడ ‘ద’ పెట్టాలో ఆ దేవుడికే తెలియాలి.
అత్త.

*

హాస్టల్,
5 జనవరి 2025.

అత్తకి వందనాలు.

నువ్వు ఓపెన్ స్కూల్ క్లాసుకి వెళ్ళిన ఆదివారం జరిగింది ఇది. నువ్వు తిరిగొచ్చేలోపే నేను బస్సెక్కాను, నాన్న నీకు చెప్పి ఉండడు, అందుకే రాస్తున్నాను.

శనివారం షెడ్డులో నాన్న గేరుబాక్సు విప్పి కూర్చున్నాడు. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను, స్టార్ బ్యాచ్ అబద్ధం దగ్గర్నుంచి మీ కాలేజీ దాకా. చేతులు తుడుచుకుంటూ ‘నువ్వు స్టార్ బ్యాచ్ అన్నావు గనక అదే చెప్పాను చర్చిలో. కాదంటే కాదనే చెబుదును’ అన్నాడు. ‘మళ్ళీ చెప్పు, ఎందుకు మారతానంటున్నావు?’ అన్నాడు. మళ్ళీ చెప్పాను. ‘అక్కడ ఇంగ్లీషు మీడియం ఉందా? లెక్చరర్లు రోజూ వస్తారా?’ అని మిషన్ కొనేవాడిలా అరగంట అడిగాడు. సరేననలేదు, కాదనలేదు.

మర్నాడు చర్చిలో సాక్ష్యాలప్పుడు లేచాడు. ‘ఆగస్టులో మా అమ్మాయి గురించి మీ అందరికీ ఒక మాట చెప్పాను. అది తప్పండి. మా అమ్మాయి ఆఖరి సెక్షన్‌లో ఉంది. అక్కడ పది మందిని కూర్చోబెట్టుకుని పాఠం చదివిస్తోంది. దానికోసం ప్రార్థన చెయ్యండి’ అని కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు అత్తా. నేను తలెత్తే కూర్చున్నాను.

బస్సు ఎక్కించేటప్పుడు ‘ఫస్టియర్‌లో అన్నీ పాసయి రా, టీసీ నేను తెస్తాను’ అన్నాడు.

నీ పరీక్షలకి ఇంక రెండు నెలలే. క్రోమియం, రాగి రెండూ చూసుకుని వెళ్ళు, మొదటి ముప్పైలో లెక్క తప్పేవి ఆ రెండే.

తబిత.

*

నల్లగరువు,
27 ఏప్రిల్ 2025.

తబితకి అత్త రాసేది,

ఫస్టియర్ అన్నీ పాసయ్యావని మీ నాన్న ఫోన్‌లో అరిచాడు. మా వీధి అంతటికీ వినిపించింది. కెమిస్ట్రీ అరవైకి యాభై రెండు అంటగా! రేపు హాస్టల్‌కి వచ్చి సామాను, టీసీ తీసుకుంటాడు. ఈ ఉత్తరం వాడి చేతికే ఇచ్చి పంపుతున్నాను.

నా ప్రాక్టికల్స్ సంగతి చెప్పలేదు కదా. కాకినాడ వైపు ఒక కాలేజీలో పడింది. తెల్ల కోటు తొడుక్కుని బల్ల ముందు నిలబడ్డాను. ట్రే పట్టుకుని ఒకావిడ వచ్చింది, నా వయసే. పెద్దింట్లమ్మ అంట, అక్కడ అటెండరు. ‘ఇదిగోండి మేడం, మీ బ్యూరెట్టు’ అంది. చుట్టూ చూశాను, ఏ మేడమా అని. నన్నే. ప్రయోగం అయ్యాక అలవాటుగా అన్నీ కడిగేస్తున్నాను. పరిగెత్తుకొచ్చి ‘అయ్యో, ఉంచండమ్మా, అది నా పని’ అంది. ‘నా పని కూడా ఇదేనండి’ అన్నాను. మొదట నమ్మలేదు. నమ్మాక, ట్రే కింద పెట్టి, ‘నేనూ కట్టొచ్చా అండి?’ అని మెల్లగా అడిగింది. నా నంబరు రాసిచ్చాను. నిన్న ఫోన్ చేసింది. ఎలక్ట్రాన్ అంటే ఏంటండీ అని మొదలుపెట్టింది. మనిద్దరం చెప్పాలి.

నిన్ననే నా ఫలితాలు కూడా వచ్చాయి. కెమిస్ట్రీ నూటికి అరవై ఎనిమిది. పల్లంరాజు సారు నా మార్కుల కాగితం స్టాఫ్ రూమ్‌లో అందరికీ చూపించారు. తెలుగు, బయాలజీ, ఒక్కటి తప్ప అన్నీ గట్టెక్కాయి. ఇంగ్లీషులో ముప్పై ఒకటి. నాలుగు మార్కులకి పోయింది. కాసేపు ఏడ్చాను, అబద్ధం ఎందుకు! తరవాత ముఖం కడుక్కుని శ్రీదుర్గ మేడం దగ్గరికి వెళ్ళాను. పోస్టు ఇంకా ఖాళీగానే ఉందన్నారు. సప్లిమెంటరీకి దరఖాస్తు ఆవిడ బల్ల మీదే నింపి వచ్చాను.

ఈ ఇంట్లో పడమటి గది నీకు సర్దాను. కిటికీ పక్కన రెండు కుర్చీలు వేశాను. ఇంక మనకి ఉత్తరాల పని లేదు. సామాను సర్దేటప్పుడు ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం అడుగున పెట్టకు, పైన పెట్టు. వచ్చిన రోజే మొదలుపెడదాం.

నీ అత్త,
సంపూర్ణం.